నెల్లూరులో ఉన్నది ఉసిరా, వడ్లా?

నెల్లూరు మూలాపేటలోని మూలస్థానేశ్వరుడి గుడి పుట్టుక గురించి ఒక కథ ఉంది. ముక్కంటి రెడ్డి అనే ఆయనకు నెల్లిచెట్టు కింద శివలింగం దొరికిందట, అక్కడే గుడి కట్టించాడట. నెల్లి అంటే ఉసిరి. ఆ చెట్టు వల్లే ఈ ఊరు నెల్లూరైందని పెద్దలు చెబుతారు.

ఇంకో వాదం తమిళం వైపు నుంచి వస్తుంది. తమిళంలో నెల్లు అంటే వడ్లు. వడ్లు పండే ఊరు కాబట్టి నెల్లూరు. నెల్లూరు మొలగొలుకుల బియ్యం తిన్నవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. కానీ ఇప్పటి పంటను చూసి పాత పేరును తేల్చకూడదు. ఇక్కడ పెన్నకు ఆనకట్ట పడింది 19వ శతాబ్దంలో. ఊరి పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుది.

అందుకే నేను సంధిని చూస్తాను. బడిలో నేర్చుకున్న ఉత్వసంధే: నెల్లు + ఊరు, నెల్లూరు. ఇక్కడ పేచీ లేదు. నెల్లి + ఊరు అయితే తెలుగులో ఇత్వసంధితో నెల్లూరు కావచ్చు, సంధి జరగకపోతే నెల్లియూరు అనీ ఉండొచ్చు. తమిళంలో మాత్రం తేడా స్పష్టం. నెల్ + ఊర్ నెల్లూర్ అవుతుంది. నెల్లి + ఊర్ నెల్లియూర్ కావాలి. తిరునెల్వేలి పేరులో ఉన్నదీ వడ్లనే ఈ ‘నెల్’ మాటే అంటారు.

తెలుగు ఊరికి తమిళ మాట ఎందుకు అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసింది లేదు. పల్లవులు, చోళులు ఏలిన సీమ ఇది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల్లో తెలుగువాటితో పాటు తమిళ శాసనాలూ ఉన్నాయి. నా మొగ్గు వడ్ల వైపే.

నెల్లూరుకున్న మరో పేరు విక్రమసింహపురి సంగతి వేరు. అది రాజుల బిరుదు వాసన ఉన్న పేరు. 13వ శతాబ్దంలో తెలుగు చోడ రాజు మనుమసిద్ధి ఇక్కడి నుంచే ఏలాడు, తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇప్పుడు ఆ పేరు విశ్వవిద్యాలయానికీ, సింహపురి ఎక్స్‌ప్రెస్‌కీ మిగిలింది. 2008లో జిల్లా పేరుకు ముందు పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చారు. అప్పుడూ నెల్లూరు అనే మాటను తీసెయ్యలేదు. ఆత్మకూరు బస్టాండులో కండక్టరు ఈ రోజుకీ ‘నెల్లూరు, నెల్లూరు’ అనే కేక వేస్తాడు.