బ్యాలే బృందంలో చేరబోయే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మూలాపేటలో కూచిపూడి నేర్చుకుని, పదహారో ఏట ఒక నృత్యరూపక బృందంలో చేరి, పద్నాలుగేళ్లుగా అందులోనే ఆడుతూ, ఇప్పుడు చిన్నవాళ్లకు జతులు (తాళానికి పలికే అక్షరాల వరుసలు) కూడా చెబుతున్నాను. కావలి నుంచి, ఒంగోలు నుంచి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఏటా అవే సందేహాలు అడుగుతున్నారు కాబట్టి, నా అనుభవంలో తేలిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బ్యాలే అంటే విదేశీ నాట్యం.

పేరు మాత్రమే అక్కడిది. కాలివేళ్ల కొనల మీద నిలబడే పాశ్చాత్య బ్యాలే వేరు. దాని శిక్షణ, దాని పాదరక్షలు, దాని క్రమం అన్నీ వేరు. ఒక కథను పలువురు కలిసి ఆడే నృత్యరూపకాన్ని మన కరపత్రాల్లో, మైకుల్లో బ్యాలే అనడం అలవాటైంది, అంతే. కూచిపూడి గురువు వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, నృత్యరూపకాన్ని పట్టణ వేదికలకు తగినట్లు తీర్చిదిద్దారు. మా బృందం వంటివి నడుస్తున్నది ఆ బాటలోనే.

అపోహ: దేవుడి మీద భక్తి ఉంటే చాలు, నాట్యం దానంతటదే వస్తుంది.

దీన్ని నేనూ నమ్మాను. బృందంలో చేరిన రెండో ఏడు, పెన్న ఒడ్డున ఒక ఆలయ మండపంలో, ఇత్తడి పళ్లెం మీద నిలబడి ఆడే తరంగం చేసే అవకాశం నాకు ఇచ్చారు. పరీక్షల పేరు చెప్పి పది రోజులు సాధన మానేసిన నేను, ఆ సాయంత్రం మాత్రం అరగంట సేపు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని పళ్లెం ఎక్కాను. ఇత్తడి పళ్లెం అంచును రెండు పాదాలతో అదిమి పట్టి, శరీరం బరువును అటూ ఇటూ మారుస్తూ, తాళం తప్పకుండా దాన్ని ముందుకు జరపాలి. తాళం వేగం పెరిగేసరికి ఎడమ కాలివేళ్లు పట్టు తప్పాయి. పళ్లెం పక్కకు జారి, రాతి నేల మీద గణగణ మోగుతూ మృదంగం దాకా దొర్లింది. గురువుగారు నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ జతులు చెప్పి ఆటను నడిపించడం, ఆపలేదు. తాళాలు వాయిస్తూనే, నేల మీదనే ఆడమని కళ్లతో సైగ చేశారు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఆయన అన్నది ఒక్కటే మాట: “స్వామి వచ్చి నీ కాలివేళ్లు పట్టుకుంటాడా అమ్మా?”

ఆ తరువాత మూడు నెలలు రోజూ పళ్లెం మీద నిలబడడమే నా పని అయింది. భక్తి అక్కరలేదని నేను అనడం లేదు. భూమికి నమస్కరించకుండా మా సాధన ఏనాడూ మొదలు కాదు. అయితే ఆ నమస్కారం అయిన వెంటనే అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, అడవులన్నీ (నాట్యంలోని మూల అడుగులన్నీ) మూడు వేగాల్లో వేయాలి. అందులో ఎవరికీ మినహాయింపు లేదు.

అపోహ: కూచిపూడి హిందువుల పిల్లలకే తగినది.

గోల్కొండను 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానాషా, భాగవతుల (కూచిపూడి ఆడే కుటుంబాల వారి) ప్రదర్శన చూసి మెచ్చి కూచిపూడి గ్రామాన్ని వారికి దానంగా రాసిచ్చాడని కూచిపూడి వారే చెప్పుకుంటారు. స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగకు అన్ని మతాల వాళ్లం వెళ్లి రొట్టెలు మార్చుకునే ఊరు మాది. ఈ ప్రశ్న ఇక్కడ పుట్టడమే నాకు వింతగా ఉంటుంది.

అయినా బెంగ నిజమైనదే. మా బృందంలో ఒంగోలు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ అమ్మాయి ఉంది. భామాకలాపంలో సత్యభామ పాత్ర తనకు వచ్చినప్పుడు, గజ్జెలు కట్టుకుంటూ, “అక్కా, కృష్ణుణ్ణి తలచుకుని ఏడిస్తే నా విశ్వాసానికి తప్పవుతుందా?” అని అడిగింది. కూచిపూడి నర్తకులు వేదాంతం సత్యనారాయణశర్మగారు మగవారై ఉండీ సత్యభామగా లోకాన్ని మెప్పించారనీ, పాత్ర వేరు, పాత్రధారి వేరు అనీ చెప్పాను. మిగిలినది తననే తేల్చుకోమన్నాను. తేల్చుకోవడానికి తనకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు తెర వెనుక ఒక మూల నిలబడి తన ప్రార్థన తాను చేసుకుని, జడ ముందుకు వేసుకుని వచ్చి ప్రవేశ దరువు (పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట) అందుకుంటుంది. హారతి తీసుకోమని మేము అడగము. క్రిస్మస్ నాడు తనకు కార్యక్రమం వేయము.

అపోహ: గ్రూపులో వెనుక వరుసలో నిలబడితే ఎదుగుదల ఉండదు.

ఇంటి దగ్గర ఒంటరిగా ఆడి బహుమతులు తెచ్చుకున్న పిల్లలకు ఇది మింగుడు పడదు. నేను మూడేళ్లు చెలికత్తెగానే ఉన్నాను. ముందున్న నలుగురి గజ్జెల చప్పుడును బట్టి నా అడుగు సరిచేసుకోవడం, తలతిప్పకుండానే పక్కవారికీ నాకూ మధ్య మూరెడు ఎడం నిలుపుకోవడం, నాయిక అలసిన చోట గ్రూపు ఉత్సాహంగా కనిపించి ఆమెను కాయడం అక్కడే నేర్చుకున్నాను. వెనుక నుంచి చూస్తూ ఆరు పాత్రలు కంఠస్థం అయ్యాయి. ఒక రాత్రి కందుకూరులో నాయికకు జ్వరం వచ్చినప్పుడు, గంట ముందు చెబితే ఆ పాత్ర వేయగలిగానంటే ఆ మూడేళ్ల వల్లనే. అయితే ఒక ఫిర్యాదు దాచను: పొట్టిగా ఉన్నారని, రంగు తక్కువని కొందరిని ఏళ్ల తరబడి వెనుకనే ఉంచే బృందాలు ఉన్నాయి. చేరే ముందు, పాత్రలు ఎలా ఇస్తారో పాతవాళ్లను అడగండి.

అపోహ: బృందంలో చేరితే జీతం వస్తుంది.

చాలా చోట్ల కార్యక్రమానికి ఇంత అని ఇస్తారు. దసరాకు, బ్రహ్మోత్సవాలకు చేతి నిండా పని, ఆషాఢంలో ఖాళీ. చదువు ఆపవద్దు.

అపోహ: నొప్పి కూడా తపస్సే, ఓర్చుకోవాలి.

ఈ మాట చెప్పే పెద్దలంటే నాకు కోపం. మన ప్రాంతంలో చీమకుర్తి గ్రానైటు పరచిన హాళ్లలో పిల్లలు గంటల తరబడి పాదం తట్టుతున్నారు. అంత గట్టి నేల మీద ప్రతి తట్టు దెబ్బా మోకాలికి, ముంగాలి ఎముకకు (మోకాలి కింద ముందువైపు ఉండే ఎముకకు) తిరిగి వస్తుంది. మా దగ్గర చెక్క పలకల మీద ఆడిస్తాము; పలకలు లేని ఇంట్లో తట్టు తగ్గించి, చేతులు, చూపు, అభినయం సాధన చేయమంటాము. ముంగాలి ఎముక మీద ఒక్క చోటే వేలు పెడితే నొప్పి పుడుతున్నా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతున్నా, గజ్జెలు విప్పి ఎముకల వైద్యుడికి చూపించండి. సన్నని పగులు ఉంటే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. ఆ వారాల్లో పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకుండా మా దగ్గరకు పంపితే, నట్టువాంగం తాళాలు చేతికిచ్చి జతులు చెప్పిస్తాము.