విమాన దూరం, ప్రయాణ సమయం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో విమాన టికెట్లు బుక్ చేయడం నా పని. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

అపోహ: దిగే టైములోంచి ఎక్కే టైము తీసేస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుంది.

అందరూ చేసే పొరపాటు ఇదే. హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే దుబాయ్‌లో 12:30కి దిగుతారనుకోండి. తిరుగు విమానం రాత్రి 10కి అక్కడ బయలుదేరి, 3 గంటలకు ఇక్కడ దిగుతుంది. "ఏటి బాబూ, ఎల్లినప్పుడు రెండున్నర గంటలు, వచ్చినప్పుడు ఐదు గంటలా?" అని ఒక పెద్దాయన అడిగారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అంటే వెళ్ళడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. సౌదీ, కువైట్, ఖతార్ అయితే రెండున్నర గంటలు వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు.

కొడుకు 12:30కి దిగుతాడనుకుని తల్లి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. అప్పటికి విమానం ఇంకా గాల్లోనే ఉంటుంది. ఆ గంటన్నర ఆమె పడే టెన్షన్ చూశాక, టికెట్ ప్రింటు వెనక మన టైము కూడా పెన్నుతో రాసి ఇస్తున్నాను.

రాకపోకల మధ్య ఆ అరగంట తేడా గాలి వల్ల. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది.

అపోహ: దూరాన్ని వేగంతో భాగిస్తే చాలు.

విశాఖ నుంచి హైదరాబాద్‌కి గాలి దారిన సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున 38 నిమిషాలు రావాలి. టికెట్‌లో మాత్రం గంటా పావు దాకా ఉంటుంది. రన్‌వే దాకా నడపడం, విమానం పైకి లేవడం, కిందికి దిగడం, వరుసలో ఆగడం అన్నీ అందులోనే. నేనైతే 800తో భాగించి అరగంట పైన కలుపుతాను. హైదరాబాద్-దుబాయ్ దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఈ లెక్కన మూడు గంటల ముప్పావు వస్తుంది, అసలు టైముకి దగ్గరే.

అపోహ: మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీతే దగ్గరి దారి.

భూమి గుండ్రం, మ్యాప్ చదును. పిల్లల గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి, దగ్గరి దారి తెలిసిపోతుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది.

అపోహ: భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎగిరితే హైదరాబాద్‌కి తొందరగా చేరతాం.

విశాఖతో పోలిస్తే గాలిలో దూరం తగ్గదు. పైగా ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది, అంటే రెండు మూడు నిమిషాలు. మనకి కలిసొచ్చేది రోడ్డు మీద. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి వెళ్ళే దూరంలో దాదాపు సగం తగ్గుతుంది. ఇచ్ఛాపురం నుంచి కారులో వచ్చేవాళ్ళు ఇంటి దగ్గర గంట ఆలస్యంగా బయలుదేరొచ్చు.