హైకోర్టు ఎక్కడన్నది మన గొడవ, జడ్జి ఎవరన్నది ఢిల్లీ ఫైలు

తెలుగునాట హైకోర్టు పేరెత్తితే ముందు వచ్చే ప్రశ్న ‘ఎక్కడ?’ అన్నదే. గుంటూరా, హైదరాబాదా, అమరావతా, కర్నూలా అని డెబ్బై ఏళ్లుగా వాదనలు, ధర్నాలు, బందులు నడుస్తూనే ఉన్నాయి. ఆ భవనంలో కూర్చునే జడ్జిని ఎవరు, ఎలా ఎంచుతారన్న దాని మీద మాత్రం రోడ్డెక్కినవాళ్లు తక్కువ. కేసు వేసిన మనిషికి ఎక్కువ తేడా తెచ్చేది ఈ రెండో ప్రశ్నే.

మొదటి ప్రశ్న 1937 నవంబరు 16 నాటిది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. రాజధాని ఒక ప్రాంతానికి, హైకోర్టు ఇంకో ప్రాంతానికి. రెండిట్లో ఏది కావాలో ముందు కోరుకునే హక్కు సీమకు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వెళ్లింది. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయి, 1967లో ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డది ఆయనే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చేసరికి రెండూ హైదరాబాద్ చేరాయి. మూసీ ఒడ్డున నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1920లో ప్రారంభించిన భవనమే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయింది. సీమకు ఉన్న రాజధాని పోయింది, దాని బదులు హైకోర్టూ రాలేదు. నేటి కర్నూలు డిమాండుకు వేరు అక్కడుంది.

హైకోర్టు చేసే పని విషయానికొస్తే, కింది కోర్టుల నుంచి వచ్చే సివిల్, క్రిమినల్ అప్పీళ్లు ఎటూ ఉంటాయి. జనం నోట ఎక్కువగా వినిపించేది రిట్. రాజ్యాంగం 226వ అధికరణ కింద ప్రభుత్వం మీద, మున్సిపాలిటీ మీద, పోలీసుల మీద నేరుగా హైకోర్టుకే వెళ్లొచ్చు. పొద్దున ఇంటి ముందు జేసీబీ ఆగితే మధ్యాహ్నానికి లంచ్‌మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమని కోరడం), సెలవురోజైతే హౌస్‌మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినమని కోరడం). రిట్ మామూలుగా సింగిల్ జడ్జి ముందుకు వస్తుంది. తీర్పు నచ్చకపోతే అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచికి అప్పీలు. ఏ రకం కేసులు ఏ జడ్జి చూడాలన్న రోస్టర్ మాత్రం ప్రధాన న్యాయమూర్తి ఒక్కరి చేతిలో ఉంటుంది. రాష్ట్రంలోని జిల్లా, కింది కోర్టుల మీద అజమాయిషీ కూడా హైకోర్టుదే. ముఖ్యమంత్రి జారీ చేయించిన జీవోను ఒక్క పేజీ ఉత్తర్వుతో ఆపగల కుర్చీ అది. అందుకే దానిలో ఎవరు కూర్చుంటారన్నది ఏ ప్రభుత్వానికైనా టెన్షనే.

రాజ్యాంగం 217వ అధికరణ ఈ సంగతిని చాలా తక్కువ మాటల్లో చెప్పి వదిలేసింది. భారత ప్రధాన న్యాయమూర్తిని, రాష్ట్ర గవర్నర్‌ను, ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి రాష్ట్రపతి నియమిస్తారు. పదేళ్లు హైకోర్టులో వకీలుగానో, న్యాయాధికారిగానో పనిచేసి ఉండాలి. పదవీ విరమణ మొదట అరవై ఏళ్లకు, 1963 సవరణ తర్వాత అరవై రెండుకు. సంప్రదిస్తే చాలా, ఒప్పుకోవాలా? ప్రధాన న్యాయమూర్తి అంగీకారం తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన రాజ్యాంగ సభలోనే వచ్చింది. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి కూడా మనిషే, మనుషులకుండే లోపాలు, ఇష్టాయిష్టాలు ఆయనకూ ఉంటాయన్నది 1949 మే 24న అంబేద్కర్ ఇచ్చిన జవాబు.

ఆ ఖాళీని కేంద్రం ఎలా వాడుకుంటుందో ఎమర్జెన్సీలో తెలిసింది. 1976లో 16 మంది హైకోర్టు జడ్జీలను వాళ్ల సమ్మతి లేకుండా రాష్ట్రాలు దాటించారు. మన హైకోర్టు కథ ఇక్కడ విచిత్రంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తి ఎస్. ఓబుల్ రెడ్డిని గుజరాత్‌కు పంపారు. గుజరాత్ ప్రధాన న్యాయమూర్తి బి.జె. దివాన్‌ను ఇక్కడికి తెచ్చారు. గుజరాత్ జడ్జి సంకల్‌చంద్ సేథ్‌ను కూడా ఇక్కడికే బదిలీ చేశారు. మిగతావాళ్లు మౌనంగా సర్దుకున్నారు. సేథ్ మాత్రం ఉత్తర్వు పాటించి హైదరాబాద్ వచ్చి చేరుతూనే దాని మీద కేసు వేశారు. ఒక సిట్టింగ్ జడ్జి తన బదిలీ మీద తానే కోర్టుకెక్కడం, అదీ ఎమర్జెన్సీ నడుస్తుండగా! గుజరాత్ హైకోర్టులో ఆయన గెలిచారు. కేసు సుప్రీంకోర్టుకు చేరి 1977లో తేలేసరికి ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది, ఆయన్ను వెనక్కి పంపడానికి ఒప్పుకుంది. జడ్జి సమ్మతి అక్కర్లేదు గానీ సంప్రదింపు నామమాత్రంగా ఉండకూడదు, బదిలీ ప్రజాప్రయోజనం కోసమే జరగాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఓబుల్ రెడ్డి కూడా ఆ ఏడాదే తిరిగొచ్చి మళ్లీ ఇక్కడ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

సేథ్ కేసును న్యాయచరిత్రలో చిన్న మెట్టుగా చూస్తారు. నా లెక్కలో కొలీజియం, అంటే జడ్జీలను సీనియర్ జడ్జీలే ఎంచుకునే ఏర్పాటు, విత్తనం అక్కడే పడింది. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో తుదిమాట ప్రభుత్వానిదే అన్న సుప్రీంకోర్టు, 1993లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనంతో దాన్ని తిరగేసి తుదిమాట న్యాయవ్యవస్థకే ఇచ్చుకుంది. 1998లో కొలీజియంలో ఎవరెవరుండాలో తేల్చింది. రాజ్యాంగంలో ఎక్కడా లేని ఈ ఏర్పాటే నేటికీ నడుస్తోంది.

హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తర్వాతి ఇద్దరు సీనియర్లు కలిసి పేర్లు ఎంచుతారు. సుమారు మూడింట రెండు వంతులు బార్ (వకీళ్ల) నుంచి, ఒక వంతు జిల్లా జడ్జీల నుంచి తీసుకోవడం ఆనవాయితీ. జాబితా ముఖ్యమంత్రికి, గవర్నర్‌కు వెళ్తుంది. ఆరు వారాల్లో ఏమీ చెప్పకపోతే రాష్ట్రానికి చెప్పేదేమీ లేదనే లెక్క. అక్కడి నుంచి కేంద్ర న్యాయశాఖ, కేంద్ర నిఘా సంస్థ ఐబీ విచారణ, ఆపైన భారత ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్లు ఉండే సుప్రీంకోర్టు కొలీజియం. ప్రభుత్వం తిప్పి పంపిన పేరును కొలీజియం మళ్లీ పంపితే నియమించక తప్పదు. అయితే ఫైలును పక్కన పెట్టి కూర్చుంటే అడిగే దిక్కు లేకపోయింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది: రెండోసారి పంపిన పేరును మూడు నాలుగు వారాల్లో నియమించాలి. ఆ గడువుకు కట్టుబడేవాళ్లే కరువయ్యారు.

తలుపులు మూసుకుని జరిగే ఈ ఎంపికను లోపలి నుంచి ప్రశ్నించింది మన కృష్ణా జిల్లా మనిషే. కొలీజియం స్థానంలో పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరు జాస్తి చలమేశ్వర్. తానే కొలీజియం సభ్యుడై ఉండి కూడా, ఎవరేమన్నారో రాసిపెట్టని సమావేశాలకు రానని 2016లో భీష్మించారు. 2017 అక్టోబరు నుంచి తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. కారణాలు రెండు మూడు వాక్యాల్లోనే ఉంటాయి, కొన్నిసార్లు అవీ ఉండవు. అయినా అంతకుముందు అదీ లేదు.

ఈలోగా ‘ఎక్కడ’ గొడవ మళ్లీ రగిలింది. 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ నాలుగున్నరేళ్లు ఒకటే హైకోర్టు. కింది కోర్టుల జడ్జీల పంపకం మీద 2016లో తెలంగాణ న్యాయాధికారులు ఏకంగా వీధిలోకొచ్చి సస్పెండయ్యారు. చివరికి 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, జనవరి 1 నుంచి రెండు కోర్టులు. వారం కూడా గడువివ్వలేదని ఆంధ్ర లాయర్లు మండిపడ్డారు. ఉమ్మడి కోర్టుకున్న 61 పోస్టుల్లో ఆంధ్రకు 37, తెలంగాణకు 24. తెలంగాణ సంఖ్యను 2021లో 42కు పెంచారు.

2020లో మూడు రాజధానుల చట్టంతో కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, తర్వాత ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం జడ్జీలు వేరే ఊళ్లో కూర్చోవాలంటే గవర్నర్ ఆమోదంతో నిర్ణయించాల్సింది ప్రధాన న్యాయమూర్తి. ఆ ప్రధాన న్యాయమూర్తి బయటి రాష్ట్రం నుంచి రావాలన్నది ఎనభైల నుంచి వస్తున్న విధానం. చాలామంది ఏడాదో రెండేళ్లో ఉండి రిటైరవుతారు, లేదా ఇంకో కోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్తారు. ఖాళీ రావడానికి ఆరు నెలల ముందే పేర్లు పంపాలన్నది నియమం. ఇక్కడి బార్‌లో ఎవరి పనితనం ఎంతో ఆయనకు తెలిసేసరికి ఆ ఆరు నెలలూ గడిచిపోతున్నాయి. అప్పుడు పక్కన కూర్చున్న ఇద్దరు సీనియర్ జడ్జీల మాటే ఎక్కువ చెల్లుతుంది.