కిలో అంటే 1000, కాదు 1024: జీబీ లెక్కల పాత తగువు

1 టీబీ అని రాసి ఉన్న హార్డ్ డిస్క్‌ను విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. మిగతా 69 జీబీ ఏమైనట్టు? కంపెనీ మింగేసిందని కొందరు, ఫార్మాట్ చేస్తే అంత పోతుందని కొందరు అంటుంటారు. రెండూ నిజం కాదు. మామూలుగా 1 టీబీ డిస్క్‌లో 195 కోట్ల 35 లక్షల 25 వేల 168 సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న ముక్కలు, ఉంటాయి. సెక్టారుకు 512 బైట్లు. గుణించి చూస్తే 10,00,20,48,86,016 బైట్లు, అంటే లక్ష కోట్ల పైచిలుకే. కంపెనీ దీన్ని 100 కోట్లతో భాగించి వెయ్యి జీబీ అంది. విండోస్ అదే సంఖ్యను 1,07,37,41,824తో, అంటే 1024తో మూడుసార్లు, భాగించి 931 అంది. బైట్లు ఎక్కడికీ పోలేదు, భాగించే సంఖ్యే మారింది.

ఈ రెండు లెక్కలూ అరవై ఏళ్లకు పైగా పక్కపక్కనే నడుస్తున్నాయి. వాటిలో ఏదీ ఎవరో మోసం చేయడానికి పుట్టించింది కాదు.

మొదట బిట్, బైట్ సంగతి. సమాచారాన్ని 0, 1 అనే రెండే గుర్తులతో కొలవొచ్చని చూపించిన క్లాడ్ షానన్ 1948 నాటి తన పత్రంలో ‘బిట్’ అనే పేరు వాడారు, ఆ పేరు పెట్టింది జాన్ టూకీ అని అందులోనే చెప్పారు. ఒక అక్షరానికి సరిపడే బిట్ల గుంపుకి ‘బైట్’ అనే పేరు 1956లో వచ్చింది. ఐబీఎంలో స్ట్రెచ్ అనే కంప్యూటర్ మీద పనిచేస్తున్న వెర్నర్ బుఖోల్జ్ పెట్టిన పేరది. అప్పట్లో బైట్‌కి ఇన్నే బిట్లు అన్న నియమమేమీ లేదు. ఒక అక్షరానికి ఆరు బిట్లు వాడే యంత్రాలు బోలెడు ఉండేవి. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ఎనిమిది బిట్ల బైట్‌తో వచ్చి బాగా అమ్ముడుపోయాక మిగతా ప్రపంచమూ మెల్లగా అదే దారి పట్టింది.

గొడవంతా బైట్లను వేలల్లో, లక్షల్లో లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడు మొదలైంది. మెమరీ చిప్‌లో ఒక్కో గదికీ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాను తీగల ద్వారా పంపాలి. తీగలో కరెంటు ఉందా లేదా, అంతే, రెండే స్థితులు. ఒక తీగతో రెండు గదుల్ని, రెండు తీగలతో నాలుగింటిని, పది తీగలతో 1024 గదుల్ని విడివిడిగా గుర్తుపట్టొచ్చు. పది తీగలు వేసి వెయ్యి గదులతో సరిపెడితే 24 చిరునామాలు ఊరికే పోయినట్టే. అందుకే మెమరీ సైజులు 1024, 2048, 4096 అంటూ రెట్టింపవుతూ పోతాయి.

అన్ని యంత్రాలూ అలాగే ఉండేవని కాదు. 1959లో వచ్చిన ఐబీఎం 1401 దశాంశ చిరునామాలు వాడేది. దాని మెమరీ 1,400, 2,000, 4,000 అక్షరాల చొప్పున దొరికేది. కే అంటే కిలో కదా, అక్కడ ‘4కే’ అంటే కచ్చితంగా నాలుగు వేలే. అదే కంపెనీ దాదాపు అదే కాలంలో తెచ్చిన 7090 అనే కంప్యూటర్ మెమరీ 32,768 ‘పదాలు’ (అక్కడ ఒక్కో గదిని పదం అనేవాళ్లు), దాన్ని ‘32కే’ అనేవాళ్లు. ఒకే కంపెనీలో ఒకే అక్షరానికి రెండు విలువలు! 1964లో సిస్టమ్/360 నిర్మాణాన్ని వివరిస్తూ జీన్ ఆమ్‌డాల్ బృందం రాసిన వ్యాసంలో కే అంటే 1024. తర్వాత మెమరీ ప్రపంచంలో ఇదే స్థిరపడింది. 1024కీ 1000కీ తేడా 2.4 శాతమే కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అసలు పట్టించుకోలేదంటే అన్యాయమే. 1968లో డొనాల్డ్ మారిసన్ ఒక కంప్యూటర్ పత్రికకు ఉత్తరం రాసి, 1024కి గ్రీకు అక్షరం కప్పా వాడదామన్నారు. మరికొందరు వేరే గుర్తులు సూచించారు. ఒక్కటీ నిలవలేదు. చిన్న కే అంటే వెయ్యి, పెద్ద కే అంటే 1024 అనే అలవాటు కొన్నాళ్లు నడిచింది గానీ, మెగాకి వచ్చేసరికి అదీ కుదరలేదు. మెగా గుర్తు మొదటినుంచీ పెద్దక్షరమే.

డిస్క్ తయారీదారుల దారి వేరు. డిస్క్‌కి చిరునామా తీగల బాధ లేదు. ఎన్ని పళ్లేలు, పళ్లేనికి ఎన్ని ట్రాక్‌లు, ట్రాక్‌కి ఎన్ని సెక్టార్లు పడితే అంత సామర్థ్యం. 1956లో వచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్, ఐబీఎం ర్యామాక్‌లో 50 పళ్లేలు, 50 వేల సెక్టార్లు, సెక్టారుకు వంద అక్షరాలు. మొత్తం 50 లక్షల అక్షరాలు. ఎక్కడ చూసినా గుండు సున్నాలే. అంటే డిస్క్‌లను వేలల్లో, మిలియన్లలో చెప్పడం మొదటినుంచీ ఉన్న పద్ధతే. 1024 లెక్క పాతదనీ, గిట్టుబాటు కోసం కంపెనీలు దాన్ని వెయ్యికి మార్చేశాయనీ ఇప్పటికీ వినిపించే మాట చరిత్రకు నిలవదు. కాకపోతే చిన్న యూనిట్‌తో కొలిస్తే డబ్బా మీద అంకె పెద్దగా కనిపిస్తుందన్న సంగతి వాళ్లకు తెలియదని మాత్రం నేననుకోను.

పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక ఈ రెండు లెక్కలూ ఒకే తెర మీద ఢీకొన్నాయి. ఫ్లాపీ సంగతి చూడండి, నవ్వొస్తుంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద 1.44 ఎంబీ అని ఉండేది. రెండు వైపులు, ఒక్కో వైపు 80 ట్రాక్‌లు, ట్రాక్‌కి 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. వెరసి 14,74,560 బైట్లు. పది లక్షలతో భాగిస్తే 1.47. 1024తో రెండుసార్లు భాగిస్తే 1.41. మరి 1.44 ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి ముందున్నది 720 కేబీ ఫ్లాపీ, ఆ కేబీ 1024 బైట్లది. దాన్ని రెట్టింపు చేసి 1440 కేబీ అన్నారు. తర్వాత ఎంబీ చేయడానికి వెయ్యితో భాగించారు. ఒకసారి 1024, ఒకసారి 1000. ఏ పద్ధతిలోనూ ఒప్పు కాని ఆ అంకె కోట్లాది ఫ్లాపీల మీద అచ్చయింది. సీడీ, డీవీడీలు చూపుకు ఒకేలా ఉంటాయి గానీ 700 ఎంబీ సీడీది 1024 లెక్క, 4.7 జీబీ డీవీడీది 1000 లెక్క.

యూనిట్ పెరిగేకొద్దీ తేడా కూడా పెరిగింది: మెగా దగ్గర 4.9 శాతం, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10. దాంతో వ్యవహారం కోర్టుకెక్కింది. అమెరికాలో డిస్క్ కంపెనీలు వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ చేసుకున్నాయి. మొదటిది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చింది, రెండోది ధరలో 5 శాతం గానీ సాఫ్ట్‌వేర్ గానీ ఇస్తానంది. 2020లో శాన్‌డిస్క్ కేసులో మాత్రం జీబీ అంటే 100 కోట్ల బైట్లేనని అక్కడి ఫెడరల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది.

అప్పటికే పరిష్కారం ఒకటి కాగితం మీద ఉంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998 డిసెంబరులో 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అనే పేర్లు ఖాయం చేసింది. కిలో, మెగా, గిగా మాత్రం మెట్రిక్ పద్ధతిలో ఉన్నట్టే వెయ్యి లెక్కకే ఉండాలంది. లినక్స్ వాడేవాళ్లకు జీ, బీ అక్షరాల మధ్య చిన్న ఐ కనిపించేది అందుకే. కానీ గిబిబైట్ అని నోరారా పలికేవాళ్లు ఎంతమంది? ఇంజినీర్లే పలకరు. మెమరీ చిప్‌ల ప్రమాణాలు చూసే జెడెక్ పాత అలవాటును ఇంకా తన పత్రాల్లో ఉంచింది. 8 జీబీ ర్యామ్ అంటే ఇప్పటికీ 1024 లెక్కే.

ఆపిల్ 2009లో స్నో లెపర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మ్యాక్‌లో ఫైళ్ల, డిస్క్‌ల సైజులన్నిటినీ వెయ్యి లెక్కకు మార్చేసింది. విండోస్ మారలేదు. అందుకే సరిగ్గా 50 లక్షల బైట్లున్న ఫొటో మ్యాక్‌లో 5 ఎంబీ, విండోస్‌లో 4.76 ఎంబీ. నా దృష్టిలో ఇప్పుడు తప్పు డిస్క్ డబ్బాది కాదు, విండోస్ తెరది. గిబిలో లెక్కపెట్టి జీబీ అని రాస్తోంది. ఏ లెక్కయినా పెట్టుకోనివ్వండి, పేరు సరిగ్గా రాస్తే చాలు. అనుమానం వస్తే ఫైలు ప్రాపర్టీస్ తెరవండి, పక్కనే మొత్తం బైట్ల సంఖ్య ఉంటుంది. అది ఏ కంప్యూటర్లో చూసినా ఒకటే.

ఇంటర్నెట్ వేగంలో ఈ తగువు లేదు, అక్కడ మొదటినుంచీ వెయ్యే. అక్కడి మెలిక వేరు: కొలిచేది బిట్లు, బైట్లు కాదు. 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు 12.5 ఎంబీకి మించి దిగదు.

తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లు వాడే ఎస్‌ఎస్‌డీల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది. వాటి లోపలి ఫ్లాష్ చిప్‌లు మెమరీ జాతివి, 1024 లెక్కలో తయారవుతాయి. అమ్మేది మాత్రం డిస్క్‌లా వెయ్యి లెక్కలో. 256 గిబిబైట్ల చిప్‌లు పెట్టి 256 జీబీ అని అమ్మితే ఏడు శాతం పైన మిగులుతుంది. చాలా ఎస్‌ఎస్‌డీల్లో చిప్‌లను నడిపే కంట్రోలర్ ఆ మిగులును తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. పాడైన బ్లాకులకు బదులుగా వాడటానికి, పాత డేటాను తుడిచి కొత్తది రాసేటప్పుడు సర్దుకోవడానికి ఆ జాగా కావాలి. మనకు కనిపించదు గానీ, డ్రైవ్ ఎక్కువ కాలం మన్నేది కొంతవరకు దాని వల్లే.