వీడియో మీటింగులు: అపోహలు, వాస్తవాలు

పాలకొల్లులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టీమ్‌ని నడుపుతున్నాను. సగం మంది హైదరాబాద్‌లో, మిగతావాళ్లు భీమవరం, కాకినాడ, అమలాపురాల్లో ఉంటారు. నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: వీడియోలో ఏ పనీ సరిగ్గా తేలదు.

వాస్తవం: ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పరిశోధకులు మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ తమ ప్రయోగాల ఫలితాలు రాశారు. ఐదు దేశాల ఇంజనీర్లతోనూ చేశారు, అందులో మన దేశమూ ఉంది. ఎదురెదురుగా కూర్చున్న జంటల కంటే వీడియోలో మాట్లాడుకున్న జంటలకు కొత్త ఆలోచనలు తక్కువగా వచ్చాయి. వచ్చినవాటిలో మంచిది ఎంచుకోవడంలో మాత్రం వాళ్లు వెనకబడలేదు. చూపు తెరకే అతుక్కుపోతే ఆలోచన కూడా ఇరుకైపోతుందని వాళ్ల వివరణ.

మాకూ అదే అనుభవం. రొయ్యల మేత లెక్కల యాప్ కోసం రెండు వారాలు కాల్స్‌లో చర్చించాం. తర్వాత అందరం కలిసి చెరువు గట్టుకి వెళ్లాం. రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేని రైతు నీళ్లలోంచి పైకి లాగి చూస్తున్నాడు, చేతులు రెండూ తడి. ఆ చేతులతో ఫోన్‌లో అంకెలు ఎలా కొడతాడు? నోటితో చెబితే నమోదయ్యేలా మార్చాలని అక్కడే తేల్చుకున్నాం. కాల్‌లో ఆ తడి చేతుల సంగతి ఎవరికీ తట్టలేదు.

అపోహ: మాట్లాడనివాళ్ల దగ్గర చెప్పేదేమీ లేదు.

వాస్తవం: ఇది నన్ను బాగా బాధపెట్టే అపోహ. మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ఆగాక రెండోవాళ్లు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతు పడుతుంది. నెట్ ఆలస్యం ఆ కాస్త సందునీ మింగేస్తుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, చిన్నవాడు "మీరు చెప్పండి అన్నా" అని ఆగిపోతాడు. ఇక మళ్లీ నోరు విప్పడు. అందుకే నేను పేరు పెట్టి అడుగుతాను, అదీ టీమ్‌లో అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టి.

అపోహ: కెమెరా ఆన్‌లో ఉంటేనే శ్రద్ధ ఉన్నట్టు.

వాస్తవం: గంటలకొద్దీ మన ముఖం మనకే కనిపించడం, కదలకుండా కూర్చోవడం అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో రాశారు. మా టీమ్‌లో పలకరింపులయ్యాక కెమెరా ఆపుకోవచ్చు.

కొత్త ప్రాజెక్ట్ మొదలైతే హైదరాబాద్ వాళ్లు రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే ఇక్కడ దిగుతారు. రెండు రోజులు ఒకే గదిలో కూర్చుంటాం. వాళ్లు తిరిగి వెళ్లాక పని విడగొట్టుకోవడం, గడువులు పెట్టుకోవడం అన్నీ వీడియోలోనే.