‘టిక్’ మనడం మరిచిన మోటారు

ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు వెళితే పనికిరావని పారేసిన గ్రానైటు ముక్కలకు కొదవ ఉండదు. నల్లటి రాతిలో బంగారు రజను చల్లినట్టుండే గెలాక్సీ రాయి అది. వ్యాపారంలో గ్రానైటని పిలిచినా, భూగర్భ శాస్త్రం దాన్ని గాబ్రో జాతిలో చేరుస్తుంది. ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. అలాంటి ముక్కలను తెచ్చి, పెరట్లోని రేకుల షెడ్డులో సానపట్టి అద్దంలా చేయడం నా వ్యసనం. యంత్రం మరీ గొప్పదేమీ కాదు. అర హార్స్‌పవర్ మోటారు, ఒక బెల్టు, వజ్రపు పొడి పట్టించిన తిరుగుడు పళ్లెం, పైనుంచి బొట్లుబొట్లుగా నీళ్లు.

పోయిన వేసవిలో ఆ మోటారు ఇరవై నిమిషాలకే చెయ్యి ఆనించనివ్వడం మానేసింది. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, మోటారు వేడెక్కితే వింతేముంది అని సరిపెట్టుకున్నాను. ఆ మాటలో కొంత నిజమూ ఉంది. మామూలు మోటార్లను చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలు దాటదన్న అంచనాతో తయారుచేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద ఆ అంచనా నిలవదు.

పైగా మోటారు వేడెక్కడం దానికదే జబ్బు కాదు. అర హార్స్‌పవర్ అంటే 373 వాట్లు. చిన్న సింగిల్ ఫేజ్ మోటారు సామర్థ్యం 60 శాతం అనుకుంటే, అంత పని చేయడానికి అది దాదాపు 620 వాట్లు తీసుకోవాలి. మిగిలిన 250 వాట్లూ వేడే. రెండు మూడు పాతకాలపు వంద వాట్ల బల్బులను ఒక ఇనుప డబ్బాలో పెట్టి మూసినట్టు! కాబట్టి చేత్తో ముట్టుకుని తీర్పు చెప్పకూడదు. 60 డిగ్రీల దగ్గరే మన చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మోటారు లోపల చుట్టిన రాగి తీగను వైండింగ్ అంటారు. దాని మీది ఇన్సులేషన్ పూత ‘బి’ తరగతిదైతే 130 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటాక మాత్రం, ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మోటారు పనివాళ్లు నమ్మే మోటు లెక్క.

మరి లోపలి వేడి తెలిసేదెలా? రాగి తీగే థర్మామీటరు. వేడెక్కేకొద్దీ రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. పొద్దున్నే, మోటారు చల్లగా 30 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు, కండెన్సర్ తీగ విప్పి ప్రధాన వైండింగ్‌ను మల్టీమీటరుతో కొలిచాను: 4.0 ఓములు. మీటరు తీగల నిరోధాన్ని ముందే తీసివేశాను, లేకపోతే ఇంత చిన్న అంకెల్లో లెక్క తప్పుతుంది. ఇరవై నిమిషాలు పనిచేయించి, ప్లగ్గు పీకి, వెంటనే మళ్లీ కొలిస్తే 5.3. చల్లటి ఉష్ణోగ్రతకు 234.5 కలిపి, రెండు నిరోధాల నిష్పత్తితో గుణించి, మళ్లీ 234.5 తీసేస్తే లోపలి వేడి వస్తుంది. వచ్చింది 116 డిగ్రీలు. వైండింగ్ మొత్తానికి ఇది సగటు మాత్రమే, లోతుల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇరవై నిమిషాలకే ఇంతైతే గంటకు ఎంతో ఊహించుకోవచ్చు.

మొదటి అనుమానం కరెంటు మీదికి పోయింది. వోల్టేజి తగ్గితే మోటారు తిప్పే బలం దాని వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. 230 బదులు 190 వస్తే మిగిలే బలం 68 శాతమే. అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే తీగలో వేడి 44 శాతం పెరుగుతుంది. కానీ మీటరు 226 చూపించింది. బెల్టు విప్పి ఇరుసును చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరిగింది, బేరింగులూ నిర్దోషులే.

వైండింగ్ మేస్త్రికి ఫోను చేస్తే ఆయన ఒక్కటే అడిగారు: “స్విచ్చి వేశాక టిక్‌మంటోందాండీ?”

ఎన్నేళ్లుగానో విని వదిలేసిన చప్పుడది. ఈ మోటారు తనంతట తాను కదలలేదు. మొదటి కుదుపు కోసం లోపల మరో వైండింగ్, దానికి కండెన్సర్ ఉంటాయి. నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి 1500 చుట్ల వైపు పరుగెత్తుతూ అందులో ముప్పాతిక వేగం అందుకోగానే, ఇరుసు మీది బరువులు బయటికి విచ్చుకుని, ఒక స్విచ్చి ద్వారా ఆ వైండింగ్‌కు కరెంటును తెంపేస్తాయి. అప్పుడు వచ్చేదే ఆ టిక్. ఆ తీగ సన్నది, ఒకటి రెండు సెకన్ల పనికే చుట్టింది. నా మోటారులో ఆ చప్పుడు పది పన్నెండు సెకన్లకు గానీ రావడం లేదు. పైగా నునుపు ఎంత తేలిందో చూద్దామని రెండు నిమిషాలకోసారి ఆపి, మళ్లీ వేసేది నేనే. ఇరవై నిమిషాల్లో పది సార్లు ఆ సన్నతీగను కాల్చుతున్నాను!

ప్లగ్గు పీకాను. అయినా కండెన్సర్ కరుస్తుంది, అందుకే పాత బల్బు ఒకటి దాని కొసలకు తగిలించి ఖాళీ చేశాకే మూత విప్పాను. బూడిద రంగు రాతిబురద గాలి రంధ్రాల్లోంచి దూరి, ఆ బరువులు జారే కాలరు మీద సిమెంటులా గట్టిపడి ఉంది. గాలి దారులు సగం మూసుకుపోయాయి. అంటే మోటారుకు వేడి పుట్టడమూ పెరిగింది, పోవడమూ తగ్గింది. బురదను బ్రష్షుతో, వెదురు పుల్లతో గీకాను. స్విచ్చి మొనలను జీరో నంబరు ఎమరీ కాగితంతో రుద్దాను. నూనె మాత్రం వేయలేదు, నూనె తగిలితే రాతిపొడి రెట్టింపు పడుతుంది.

బిగించి స్విచ్చి వేస్తే, క్షణంలో టిక్! ఈసారి ఆపకుండా గంటసేపు నడిపి కొలిస్తే 4.8 ఓములు, అంటే 83 డిగ్రీలు. మోటారుకూ పళ్లేనికీ మధ్య పాత ట్యూబు రబ్బరు ముక్క ఒకటి అడ్డంగా వేలాడదీశాను. రాయిని చూడాలనిపిస్తే ఇప్పుడు మోటారును ఆపను, రాయినే పైకెత్తుతాను.