వెలుగు గొడుగు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న సాయంత్రం మీరంతా కలిసి హాలులో ప్రొజెక్టరును వెనక గోడ దగ్గరి బల్ల మీద పెట్టి, ఎదురుగా నాలుగు మీటర్ల వెడల్పు తెర కట్టి, తీరా దీపాలు ఆర్పేసరికి బొమ్మ తెరను దాటి రెండు పక్కలా గోడ మీదికి పాకింది. జూమ్ రింగును చివరికంటా తిప్పినా అది తెరలోకి ఒదగలేదు. అప్పుడు మీలో అందరికన్నా చిన్నది నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, ఇది చెడిపోయిందా, మనకు పెట్టడం రాలేదా?" అని అడిగింది. ఆ పూటకు బల్లను ముందుకు జరిపించి పని కానిచ్చాను గాని ఆమెకు జవాబు చెప్పలేదు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పదగిన ప్రశ్న కాదది. అందుకే ఈ ఉత్తరం.

యంత్రం చెడిపోలేదు. ఆ హాలుకు ఆ లెన్సు కుదరలేదు. ఎందుకు కుదరలేదో తెలియాలంటే ఇంట్లో ఉన్న గొడుగు ఒకటి తెచ్చుకుని, ఈ ఉత్తరం చదువుతూ విప్పండి.

పిడి సంగతి మరిచిపోండి. మనకు కావలసినవి కొన, ఊచలు, అంచు. కొన దగ్గర లెన్సు ఉన్నదనుకోండి. ఊచలు అక్కడి నుంచి బయలుదేరిన వెలుగు కిరణాలు. అంచు తెర మీద పడిన బొమ్మ. గొడుగును పూర్తిగా విప్పి పక్క నుంచి చూస్తే కొనకూ అంచుకూ మధ్య దూరం కొద్దిగానే ఉంటుంది, అంచు మాత్రం బాగా పరుచుకుని ఉంటుంది. మెల్లగా ముడుస్తూ పొండి. అంచు కుంచించుకుపోతున్న కొద్దీ కొన దానికి దూరమవుతుంది. తెరకు చాలా దగ్గర నుంచి పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో లెన్సు పూర్తిగా విప్పిన గొడుగు. పెద్ద హాలులో వెనక గోడ దగ్గర కూర్చుని చిన్న తెరను కొట్టే లాంగ్ త్రో లెన్సు ముప్పాతిక ముడిచిన గొడుగు. లెన్సు నుంచి తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెను త్రో రేషియో అంటారు. లెన్సు కొనేటప్పుడైనా, అద్దెకు తెచ్చుకునేటప్పుడైనా అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆ అంకెనే.

ఇప్పుడు మన హాలు లెక్క వేద్దాం. మీరు పెట్టిన చోట లెన్సు నుంచి తెరకు 10 మీటర్లు. తెర వెడల్పు 4 మీటర్లు. అంటే మనకు కావలసిన అంకె 2.5. ఆ ప్రొజెక్టరుకు ఉన్న లెన్సు మీద 1.5 నుంచి 2.0 అని రాసి ఉంది. జూమ్ అంటే గొడుగును ఆ రెండు అంకెల మధ్య ఎక్కడైనా ఆపగలగడం మాత్రమే, 2.0 దాటి ముడుచుకోవడం దాని చేతిలో లేదు. 10 మీటర్ల దూరం నుంచి అది వేయగల అతి చిన్న బొమ్మ 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన తెరకు ఒక మీటరు ఎక్కువ! రింగును ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం? అందుకే బల్లను 8 మీటర్ల దగ్గరికి తెచ్చాను. అక్కడ బొమ్మ సరిపోయింది గాని, బల్ల నడిచే దారిలో పడింది, ప్రతివాడి తలా తెర మీద నీడై లేచింది. లెన్సు మార్చుకునే వీలున్న పెద్ద ప్రొజెక్టరు గనక, 2.0 నుంచి 4.0 దాకా వెళ్ళే లెన్సు బిగిస్తే మీరు మొదట పెట్టిన చోటే హాయిగా ఉండేది. చిన్న ప్రొజెక్టర్లకు లెన్సు మారదు. వాటి విషయంలో జరగవలసింది బల్లే.

ఇక్కడ పెద్దవాళ్ళు కూడా పొరబడే సంగతి ఒకటి ఉంది. తెరలను మూల నుంచి మూలకు కొలిచి ఇన్ని అంగుళాలని చెప్తారు. త్రో రేషియోకు ఆ కొలత పనికిరాదు, అడ్డం వెడల్పే కావాలి. దూరాన్ని కూడా ప్రొజెక్టరు వీపు దగ్గర నుంచి కాక లెన్సు ముఖం నుంచి కొలవాలి. కళ్ళతో అంచనా కట్టకండి. టేపు పట్టుకుని ఇద్దరు చెరొక కొసన నిలబడితే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు బద్ధకించే మనం ఆ సాయంత్రం గంటసేపు బల్లలు మోశాం.

నా చిన్నతనంలో మాకు ప్రొజెక్టరు లేదు, లెన్సూ లేదు. తెగిన ఫిల్ము ముక్కలను అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం. మాడిపోయిన బల్బు మూతిని ఊడదీసి, లోపలి తీగ తీసేసి, నీళ్ళు నింపితే అదే మా లెన్సు. (గాజు కోసుకుంటుంది, మీరు ఆ పని చేయకండి, భూతద్దం చాలు.) మధ్యాహ్నం వేళ గది తలుపులన్నీ మూసేవాళ్ళం. బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండను కిటికీ సందులోంచి లోపలికి కొట్టేవాడు. నేను ఫిల్ము ముక్కను వేళ్ళ కొసలతో ఆ వెలుగుకు అడ్డంపెట్టి, దాని ముందు బల్బును పట్టుకునేవాణ్ణి. ఎదురు గోడ మీద మొదట రంగుల మరక ఒకటి తేలేది. బల్బును వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ పోతే, ఆ మరకలోంచి ఉన్నట్టుండి ఒక మనిషి ముఖం పైకి వచ్చేది, తలకిందులుగా. ఫిల్మును తిప్పి పెడితే నిటారుగా నిలిచేది. 1659 నాటికే క్రిస్టియాన్ హైగెన్స్ అనే శాస్త్రవేత్త మేజిక్ లాంతరు చేశాడనీ, ఆ లాంతర్లలోనూ గాజు బొమ్మను తలకిందులుగానే దూర్చేవారనీ ఎంతో కాలం తరవాత చదివినప్పుడు, ఆ చీకటి గదిలో నా పక్కన ఇంకొకడు కూర్చున్నట్టే అనిపించింది.

మీ ప్రొజెక్టరులో ఫిల్ము ఉండవలసిన చోట గోరంత చిప్పు ఉంది. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన రకం అది. దాని మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 బుల్లి అద్దాలు ఉంటాయి. ఒక్కొక్కటి తల వెంట్రుక మందం కన్నా చిన్నది. మా రోజుల్లో బయట నిలబడి అద్దం పట్టినవాడి పనే అవీ చేస్తున్నాయి.

ఇక బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఎందుకు వచ్చిందంటే, ప్రొజెక్టరు ముందు కాళ్ళ కింద అట్టలు పెట్టి మీరు దాని మూతి పైకెత్తారు. గొడుగును వంచి గోడకు ఆనించబోయినా అంతే, ఒక పక్క అంచు తగులుతుంది, రెండో పక్క ఇంకా దూరంగానే ఉంటుంది. దూరం పోయిన వెలుగు ఇంకా పరుచుకుంటుంది. దాన్ని కీస్టోన్ మీట నొక్కి సరిచేయబోతే నేను వారించాను. ఆ మీట గొడుగును నిటారుగా నిలపదు. బొమ్మనే కత్తిరించి, నొక్కి, వంకరకు ఎదురు వంకర పెడుతుంది. కొన్ని అద్దాలు ఊరికే ఉండిపోతాయి, అక్షరాల అంచులు మెత్తబడతాయి. లెన్సు షిఫ్ట్ ఉన్న ప్రొజెక్టరు అయితే అంచును గోడకు సమంగా ఉంచి, కొనను మాత్రం పైకో కిందికో జరిపినట్టు లెన్సునే జరుపుతుంది. అది లేకపోతే ఎత్తైన బల్ల వెతకండి. కీస్టోన్‌ను మరో దారి లేనప్పుడే తాకండి.

వెలుగు సంగతికి వస్తే, గొడుగు బట్ట సాగే రబ్బరుదనుకోండి. ఉన్న బట్టే అంత మేరా సాగాలి, సాగినకొద్దీ పలచబడాలి. 4500 ల్యూమెన్ల వెలుగును 4 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు ఉన్న తెర మీద పరిస్తే చదరపు మీటరుకు 500 వస్తాయి. అదే వెలుగును 2 మీటర్ల వెడల్పు బొమ్మలో పోస్తే 2000 వస్తాయి. వెడల్పు సగమైతే వెలుగు నాలుగింతలు! గోడ ఉంది గదా అని గోడంత బొమ్మ వేయాలన్న ఆశ మంచిది కాదు. పైగా చాలా జూమ్ లెన్సులు బాగా ముడిచిన కొసలో కొంత వెలుగును మింగేస్తాయి.

ఫోకస్‌కు తొందరపడవద్దు. ప్రొజెక్టరు వెలిగించి అరగంట ఆగండి, ఎందుకంటే వేడికి లోపలి భాగాలు కొద్దిగా సాగి, మొదట పెట్టిన ఫోకస్ జారిపోతుంది. తరవాత ఒకరు రింగు దగ్గర ఉండాలి, ఒకరు తెరకు జానెడు దూరంలో, వెలుగుకు పక్కగా నిలబడాలి. అక్కడి నుంచి బొమ్మ కనిపించదు, చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. ఆ గళ్ళ మధ్య సన్నని గీతలు తేరుకునేదాకా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని చెప్తూ ఉండాలి. నడిమధ్యన చూసి, నాలుగు మూలలా చూడండి. గాలి సందులకు ఏదీ అడ్డం పెట్టకండి. ఎవరూ లెన్సులోకి తొంగి చూడకూడదు. ఇది గట్టిగా చెప్తున్నాను.

ఒకటి మాత్రం నాకు ఈ వయసులోనూ అబ్బురంగానే ఉంది. ప్రొజెక్టరు తెలుపు వేయగలదు, ఎరుపు వేయగలదు; నలుపును మాత్రం వేయలేదు. మొన్న మీరు తెర మీద చూసిన అర్ధరాత్రి ఆకాశం వెలుగు పడని తెల్లగుడ్డ. చుట్టూ ఉన్న వెలుగును చూసి, మన కళ్ళే ఆ గుడ్డకు నలుపు పూశాయి. ఈసారి అలాంటి చీకటి బొమ్మ వచ్చినప్పుడు దాన్ని అక్కడే ఆపి, ఒకరిని వెళ్ళి తలుపు బెత్తెడు తెరవమనండి. మిగిలినవాళ్ళు తల తిప్పకుండా తెర వైపే చూస్తూ ఉండండి.

మీ తాతయ్య